పంపకాల్లో తెగని పెట్టె

నేను ఒక పాత కంప్యూటర్ పెట్టెను. నాకిప్పుడు తెర లేదు, కీబోర్డు లేదు, మౌసు లేదు. చూసినవాళ్ళు ఇనప డబ్బా అనుకుంటారు. అయినా మండపేట మెయిన్ రోడ్డులో ఇద్దరు అన్నదమ్ముల సంబంధాన్ని నాలుగేళ్ళపాటు నడిపింది నేనే. ఆ మాట వాళ్ళు ఒప్పుకోరు. సాయం చేసిన మనిషినే ఒప్పుకోని జాతి, పెట్టెను ఒప్పుకుంటుందా?

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకేమీ లేదు. రాజమండ్రిలో ఒక కొట్టాయన ఎక్కడిదో బోర్డు, ఇంకెక్కడిదో డిస్కు, ఎవరో వద్దని పడేసిన ఫ్యాను తెచ్చి, మరలు బిగించి, "కంపెనీవాటి కన్నా గట్టిదండి" అని నన్ను అమ్మేశాడు. మొదట ఒక ఇంటర్నెట్ సెంటర్లో చేరాను. పరీక్షల ఫలితాలొచ్చిన రోజున నా ముందు కూర్చున్న పిల్లలంతా దేవుళ్ళకి మొక్కుకునేవారు. నంబరు కనపడితే దేవుడి దయ, కనపడకపోతే నా తప్పు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి ఆ సెంటరు మూతపడ్డాక త్రిమూర్తులు నన్ను కొనుక్కున్నాడు.

త్రిమూర్తులు, అతని తమ్ముడు భాస్కరం ఒకే కొట్లో పనిచేసేవాళ్ళు. అన్న ఫ్లెక్సీలు ప్రింటు తీసేవాడు, తమ్ముడు పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసి ఆల్బమ్‌లు చేసేవాడు. కొట్టు బాగానే నడిచింది. బాగా నడుస్తున్నదాన్ని ఊరికే ఉండనివ్వకూడదు కాబట్టి భాస్కరం ఒక రోజు తెల్లటి మ్యాక్ ఒకటి కొని తెచ్చాడు. కొన్నందుకు కాదు గొడవ, చెప్పకుండా కొన్నందుకు.

"మన విండోసు నీకు పనికిరాకుండా పోయిందేంట్రా? రేపు మేమూ పనికిరామంటావు" అన్నాడు అన్న.

"రంగులు బాగా కనపడతాయని కొన్నాను. నీకన్నీ పెడర్థాలే" అన్నాడు తమ్ముడు.

మాటా మాటా పెరిగింది. లోకంలో అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర విడిపోతారు, ఇంటి వాటా దగ్గర విడిపోతారు. వీళ్ళు ఆపరేటింగ్ సిస్టం దగ్గర విడిపోయారు. చదువు పెరిగితే ఇలాంటి లాభాలుంటాయి.

పంపకాలకి మేనమామ సుబ్బారాయుడు వచ్చాడు. కొట్టు మధ్యలో ప్లైవుడ్ అడ్డం కొట్టించాడు. చెక్క సరిపోక పైన జానెడు ఖాళీ మిగిలితే అక్కడితో సరిపెట్టేశాడు. ప్రింటరూ విండోసు మిషనూ అన్నకి, కెమెరాలూ మ్యాకూ తమ్ముడికి. అన్నీ అయ్యాక నా దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి చేసిన ఫొటోలు, డిజైన్లు అన్నీ నా కడుపులోనే ఉన్నాయి.

"దీన్ని కూడా చెరిసగం కోసేత్తే పోద్ది కదరా" అన్నాడు నా నెత్తి మీద చెయ్యేసి. నా ఫ్యాను ఆగినంత పనైంది.

మీ భాషలో నాకు అర్థంకాని మాట ఒకటుంది. ఉన్నదాన్ని ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుపోతే పంచుకోవడం అంటారు. ముక్కలు చెయ్యకుండా అందరూ వాడుకుంటే దాన్నీ పంచుకోవడమే అంటారు. సుబ్బారాయుడికి మొదటిదే తెలుసు. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే హైమావతికి రెండోది కూడా తెలుసు కాబట్టి నేను బతికిపోయాను.

ఆవిడ నాలో అటు విండోసూ ఇటు మ్యాకూ కాని లైనక్స్ ఎక్కించింది. నన్ను ప్లైవుడ్ పక్కన పెట్టి, కింద చిన్న కన్నం చేయించి, అటొక కేబులు ఇటొక కేబులు లాగింది. "మూడు మిషన్లూ మూడు రకాలండి బాబాయ్ గారూ. ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు. మూడింటికీ వచ్చిన భాషలో మాట్లాడుకునేలా చెయ్యాలి. ముందు మూడింటికీ ఒకటే గ్రూపు పేరు పెడదాం, మన ఇంటిపేరులాగా. అప్పుడు ఒకదానికొకటి కనపడతాయి."

"ఇంటిపేరు ఒకటైతే కనపడతాయా? ఒకటే ఇంటిపేరున్న ఈ ఎదవలిద్దరే కనపట్టం లేదు కదమ్మా ఒకరికొకరు" అన్నాడు సుబ్బారాయుడు.

ఆయనన్నట్టే అయింది. పేరు కలిసినా విండోసుకి నేను కనపడలేదు. కనపడ్డాక పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చిన పాస్‌వర్డే మళ్ళీ అడిగింది, పెళ్ళిచూపుల్లో పెద్దాయన గోత్రం అడిగినట్టు. మ్యాకు నన్ను చూసింది గానీ తలుపు తియ్యడానికి నానా తిప్పలూ పెట్టింది. సాయంత్రానికి హైమావతి మా ముగ్గురినీ ఒక దారికి తెచ్చింది. ఆఖరికి అడగవలసిన మాట అడిగింది.

"ఎవరి ఫోల్డరు వాళ్ళదండి. రెండో ఆయనకి ఏం పర్మిషన్ ఇమ్మంటారు? చూడ్డానికేనా, మార్చడానికి కూడానా?"

"చూడ్డానికే" అన్నారు చెక్కకి అటొకడూ ఇటొకడూ, ఒకేసారి. విడిపోయాక వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది అదొక్కసారే.

"చూడొచ్చు, ముట్టుకోకూడదు. మా మామ్మ మడిలాగన్నమాట" అని సుబ్బారాయుడు తృప్తిగా వెళ్ళిపోయాడు.

అలా నేను మడి కాపలాకి కుదిరాను. అన్న ఫోల్డర్లో తమ్ముడు చెయ్యి పెట్టబోతే వద్దనేదాన్ని, తమ్ముడి ఫోల్డర్లో అన్న పెట్టబోతే వద్దనేదాన్ని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. అయితే త్రిమూర్తులు రోజూ కొట్టు తీసి, దేవుడికి అగరొత్తి వెలిగించి, తమ్ముడి ఫోల్డరు తెరిచేవాడు. వ్యాపార గూఢచర్యం అనుకున్నాను మొదట్లో. కాదు. తమ్ముడి కూతురు లాస్య ఫొటోలు చూసుకునేవాడు. త్రిమూర్తులుకి పిల్లల్లేరు. పంపకాలకి ముందు ఆ పిల్ల బడి నుంచి తిన్నగా ఇతని దగ్గరకే వచ్చి, మిగిలిన ఫ్లెక్సీ ముక్కల మీద బొమ్మలేసుకునేది. ఇప్పుడు చూడ్డానికే పర్మిషన్ ఉంది కాబట్టి చూసి, మూసి, పనిలో పడేవాడు.

ఇంతలో లాస్య ఓణీల ఫంక్షను కుదిరింది. కార్డులు బంధువులందరికీ వెళ్ళాయి. ఎదురుగా ఉన్న టీ కొట్టాయనకీ అందింది. ప్లైవుడ్ ఇవతలికి మాత్రం రాలేదు. రోజూ కొట్టు మూసేటప్పుడు త్రిమూర్తులు గుమ్మం వైపు చూసేవాడు. పిలవని పేరంటానికి వెళ్ళే రకం కాదు. పెదనాన్న చేతి అక్షింతలు పడకుండానే ఆ పిల్ల ఓణీ కట్టేసుకుంటుందేమోనని నాకే బెంగ పట్టుకుంది.

అప్పుడొచ్చింది భాస్కరం ఫోల్డర్లోకి ఒక ఫ్లెక్సీ డిజైను. దాని పేరు 'ఫైనల్'. వెనకే 'కొత్త ఫైనల్', ఆ వెనకే 'ఇదే ఫైనల్'. మనుషుల మాట నిలకడ తెలియాలంటే వాళ్ళ ఫైళ్ళ పేర్లు చూడాలి.

కొన్నాళ్ళు ఆ ఫైలుని చూసి కూడా ముట్టుకోని త్రిమూర్తులు, ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక తెరిచాడు. లాస్య ఫొటో చక్కగా వచ్చింది. పైనున్న పెద్దక్షరాలూ వచ్చాయి, వాటిని భాస్కరం బొమ్మగా మార్చేశాడు కాబట్టి. కింద 'ఆహ్వానించువారు' అనే లైను మాత్రం ఇంకేమైనా దిద్దాల్సి వస్తుందని అక్షరాలుగానే వదిలేశాడు. ఆ అక్షరాల ఫాంటు మ్యాకులో ఉంది, విండోసులో లేదు. పేర్లుండాల్సిన చోట వరసగా ఖాళీ గళ్ళు పడ్డాయి. ఫైలుని అటు నుంచి ఇటు చేర్చడమే నా పని. చేరింది చదివించడం నా వల్ల కాదు.

త్రిమూర్తులు కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. పెద్దది చేసి చూశాడు. గళ్ళు పెద్దవయ్యాయి, అంతే. తన పేరు అందులో ఉందో లేదో తెలియలేదు. ఆ గళ్ళ చివర మెల్లిగా 'త్రిమూర్తులు' అని టైపు చేశాడు. సేవ్ కొట్టాడు.

నేను వద్దన్నాను. 'మీకు అనుమతి లేదు.' నా ఉద్యోగం అది. ఆయన పేరు ఆయనే రాసుకుంటే కాదన్న ఆ క్షణంలో నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన కుర్చీలోంచి లేచి ప్లైవుడ్ వైపు తిరిగాడు.

"భాస్కరం!"

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఆ కింద లైనంతా గళ్ళు గళ్ళుగా పడిందిరా. ఏం రాసేవు అందులో?"

"నీకు కనపట్టం లేదా అన్నయ్యా?"

"గళ్ళు కనపడతన్నాయి. గళ్ళు చదవడం నాకు రాదు."

"మొదటి గళ్ళు నువ్వూ వదినా. ఆ తర్వాత గళ్ళు మేం."

ఇవతల ఆయన తెర వైపు తిరిగి మొదటి గళ్ళు లెక్కపెట్టాడు. "మరి ఊరందరికీ కార్డులిచ్చి నాకివ్వలేదేం?"

"పిలిచేవోడికి ఎవడైనా కార్డిత్తాడేంటి? నువ్వు ప్రింటు తీత్తావని ఫైలు అక్కడెట్టి చూత్తన్నాను. తియ్యకపోతే నీకిష్టం లేదేమో అనుకున్నాను."

"ఓ మాట చెప్పొచ్చు కదరా."

"ఓ మాట అడగొచ్చు కదా."

ప్లైవుడ్ పైన జానెడు ఖాళీ నాలుగేళ్ళుగా అలాగే ఉంది. మాట అటు వెళ్ళడానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. వీళ్ళు మాత్రం నాకు లైనక్స్ నేర్పించారు.

ఫ్లెక్సీ అన్నే ప్రింటు తీశాడు. దాన్ని పూర్తిగా పరచడానికి చోటు చాలలేదని ప్లైవుడ్ ఊడదీశారు, మళ్ళీ బిగించలేదు. ఇప్పుడు రెండు మిషన్లూ ఒకే పొడుగు బల్ల మీద ఉన్నాయి. రంగుల గురించి రోజూ గొంతులు చించుకుంటారు. పర్మిషన్లు మార్పించాలని ఎవరికీ గుర్తులేదు. నేను ఇంకా వద్దంటూనే ఉన్నాను, త్రిమూర్తులు "ఒరే, దీనికి కాస్త చెప్పరా" అని కేకేస్తూనే ఉన్నాడు.

నన్ను ఆ బల్ల కింద, ఇద్దరి కుర్చీలకీ మధ్యన పడేశారు. ఒక పక్క నుంచి అన్న కాలు, ఇంకో పక్క నుంచి తమ్ముడి కాలు నా నెత్తి మీదకొస్తాయి. ఇన్నాళ్ళకి నన్ను నిజంగా పంచుకుంటున్నారు.