జిగురు ముద్ద గ్రహం

యూనియన్ సైన్యం సికింద్రాబాదులోకి దిగి పది రోజులైంది. బడి తెరిచారు గానీ బియ్యం దుకాణాలు తెరవలేదు. ఆ బడి ఊడ్చే కాంతమణి కూతురు మేబెల్ టైఫాయిడ్ నుంచి అప్పుడే లేచింది, రెండు రోజులుగా మంచినీళ్ల మీదే ఉంది. జావ పట్టకపోతే పిల్ల దక్కదని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

బియ్యం అసలు లేక కాదు. చర్చి సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసే ముందు దేవుడి పేర ఓ పిడికెడు తీసి ఉంచుతుంది. ఆదివారం అదంతా సంఘపెద్ద కూడా అయిన హెడ్మాస్టరు జకర్యా గదిలోని కుండలోకి చేరుతుంది. పందొమ్మిదేళ్లుగా కాంతమణి పిడికెడూ అందులోకే పోయింది.

"సారూ, జెర ఒక్క సోలెడు ఇయ్యుండ్రి. పిల్లకు జావ కాస్త."

"దేవుడికిచ్చింది వెనక్కడుగుతావా కాంతమణీ? సిగ్గు లేదూ?" అన్నాడు జకర్యా. గుంటూరు మనిషి. దయ లేనివాడేం కాదు, దాన్ని ఆదివారం కోటు జేబులో పెట్టి మరిచిపోతాడంతే. "ముందు ఆ తుమ్మ జిగురు కలుపు. మైలుతుత్తం బాగా వెయ్యి, లేకపోతే ఎలకలు కొరికేస్తాయి."

ఆ విషాన్ని నూరి, కలిపి, ముద్ద చేసి ఇచ్చింది. ఎందుకని అడగలేదు.

మధ్యాహ్నం కొత్త సర్కారు అధికారి బడి చూడ్డానికి వచ్చాడు. జకర్యా ఇత్తడి పళ్లెంలో ఆ దేవుడి కుండ బోర్లించి, బియ్యం పలచగా పరిచి, నడుమ దీపం పెట్టాడు.

"ఇది పసి నక్షత్రం. చుట్టూ ఉన్నది ధూళి. ఇప్పుడు చూడండి." జిగురు ముద్దను దీపం చుట్టూ దొర్లించాడు. గింజలు అంటుకుంటున్నాయి, ముద్ద లావెక్కుతోంది. "పెరిగేకొద్దీ దాని లాగుడూ పెరుగుతుంది. దాని దారిలో ఒక్క రేణువు మిగలదు. గ్రహం పుట్టేది ఇలాగే!"

తలుపు దగ్గర నిలబడ్డ కాంతమణి ముద్దకు అంటుకుపోతున్న గింజలనే చూస్తోంది.

"మిగిలిన ధూళి ఏమవుతది సార్?" అంది ఓ పిల్ల.

"నక్షత్రం ఊదేస్తుంది," అంటూ జకర్యా ముద్దనూ దీపాన్నీ బల్లమీద పెట్టి, పళ్లాన్ని కిటికీలోంచి దులిపేశాడు. పెరట్లో ఆయన కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. అధికారి చప్పట్లు కొట్టాడు.

కాంతమణి పెరట్లోకి పరుగెత్తి, మోకాళ్ల మీద కూలబడి కోళ్లతో పోటీపడి ఏరింది. చెంగులో పట్టుమని పాతిక గింజలు పడలేదు. లోపల బల్లమీద కొబ్బరికాయంత గ్రహం ఉంది. దాన్ని ఉడకేసే దారి లేదు. అందులో విషం కలిపింది తన చేతులే.

శనివారం మేబెల్ పోయింది.

ఆదివారం సమాధి దగ్గర జకర్యా కళ్లు తుడుచుకుంటూ ప్రార్థించాడు. ఆమేన్ అన్నాక కాంతమణి భుజం తట్టి, "ఈ వారం నీ పిడికెడు బియ్యం రాలేదమ్మా," అన్నాడు.