పావురాల గాలి

"తలకాయిలో బూజేటే నీకు?" అంది మా అత్త జోగమ్మ, వార్డులో ఆడవాళ్ళందరూ వినేలా. "ఇల్లు సుబ్బరంగా ఉంచుకున్నోళ్ళకి వత్తాదేటి ఇలాటి రోగం?"

దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. చచ్చేంత సిగ్గేసింది. ఆవకాయ జాడీలో తడి గరిటె పడనివ్వనిదాన్ని. పచ్చడికి బూజు పడితేనే పెట్టిన ఆడదాన్ని ఆడిపోసుకుంటారు, ఇక తలకే పడితే ఊరుకుంటారా! నడుములోంచి నీరు తీసి పరీక్ష చేసి, మెదడు పొరల్లోకి ఈస్టు అనే బూజు చేరిందన్నారు. డాక్టరుగారి హిందీని నర్సు ఆనందకుమారి తెలుగులో చెప్పింది. "రెండు మందులు కలిపి ఇవ్వాలి అక్కా. సీసాలోది నరంలోకి ఎక్కిస్తాం. అదొక్కటే పూర్తి మోతాదులో ఇస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. మాత్రలు ఒక్కటే ఇస్తే బూజు వాటికి అలవాటు పడిపోద్ది. రెండూ జోడైతే సీసా మందు తగ్గించి ఇవ్వొచ్చు." ఎనభై రెండులో ఆ మాత్రలు దొరకడమే గగనం. కలకత్తా నుంచి తెప్పించారు.

సీసా మందు ఎక్కితే చాలు, చలికి మంచంతో సహా ఊగిపోయేదాన్ని. వాంతులు. పక్క తడిసిపోయేది. నా చీర పరాయి పిల్ల మార్చాలా అని కుమిలిపోయేదాన్ని. మా ఆయన సూర్యం గుమ్మం దగ్గరే నిలబడి, "వాసనొత్తంది, మార్పించుకోలేవేటి?" అనేవాడు. పెళ్ళైనప్పట్నుంచీ ఆయన డ్యూటీ బట్టల గ్రీజు ఉతికిన చేతులు నావి. 

మొదట్లోనే డాక్టరు అడిగాడు, ఇంట్లో పావురాలున్నాయా అని. ఎండిన రెట్ట దుమ్ములోంచి ఈ బూజు ఊపిరితో లోపలికి పోతుందట. "నహీ సాబ్" అనేశాడు సూర్యం. మేముండే సీతారాండేరా బస్తీలో మా మేడ మీది పావురాల గూడు తెలియనివాళ్ళు లేరు. ఎగరేసేది ఆయన, పందెంలో మెప్పు ఆయనది, రెట్ట గీకేది నేను. గీకాక తలస్నానం చేస్తేగాని అత్త వంటింట్లోకి రానిచ్చేది కాదు. తలనొప్పి మొదలయ్యాక, "పావురాల గాలి తగిల్తే ఏ నెప్పైనా పోద్ది, గూడు కాడ కూకో" అని ఆవిడే కూర్చోబెట్టింది. నొప్పి పెరిగినకొద్దీ ఇంకాసేపు కూర్చునేదాన్ని, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఇదంతా డాక్టరుకి చెప్పి మొగుణ్ణి అబద్ధాలకోరుని ఎలా చెయ్యనని తల దించుకున్నాను.

రెండు మందులూ కలిసి పనిచేశాయి. తల తేలికైంది, చూపు నిలిచింది. ఇంటికి పంపే రోజు డాక్టరు హెచ్చరించాడు, పావురాలున్న చోటికి వెళ్ళొద్దని, జబ్బు మళ్ళీ వస్తే ఈ జోడు మందులైనా కాపాడతాయో లేదో అని. సూర్యం నా చెవి దగ్గర వంగి, "మూతికి కొంగు కట్టుకుని గీకు, ఏటీ అవదు" అన్నాడు.

నాకు చావు భయం పట్టుకుంది. వచ్చీరాని హిందీలో గట్టిగానే అన్నాను. "డాక్టర్ సాబ్, హమారా ఘర్ మే కబూతర్ హై. బహుత్ హై. సాఫ్ హమ్ కర్తా హై." మా ఇంట్లో పావురాలున్నాయని, బోలెడున్నాయని, శుభ్రం చేసేది నేనేనని. తర్వాత ఆనందకుమారి వైపు తిరిగి, "గూడు పీకేసీదాకా నానీ మంచం దిగనని సెప్పమ్మా" అన్నాను.

వార్డంతా సూర్యం వైపు చూసింది. ఆయన మొహం కందగడ్డలా అయింది. "పరువు తీసేవు కదే" అని గొణిగాడు. మొహం కప్పుకుందామని అలవాటుగా నా చెయ్యి కొంగు వెతికింది. ఆపుకున్నాను. ఈసారి సిగ్గు ఆయన్నే పడనిచ్చాను.