మోగకూడని భరిణె

నేను ఒక కుంకుమ భరిణెను. వెండిదాన్నేమీ కాదు, అజ్జరంలో పోతపోసి సానపట్టిన ఉత్త ఇత్తడిదాన్ని. మూత బిగించుకుని నోరు మూసుకు కూర్చోవడం ఒక్కటే నాకు చేతనైన పని.

నిడదవోలులో జాకెట్లు కుట్టే సత్యవేణికి పెళ్లిలో నన్ను చేతికిచ్చారు. పదిహేడేళ్లపాటు రోజూ పొద్దున్నే ఆవిడ ఉంగరపు వేలు నాలో మునిగేది. పేరంటాల్లో నాకు ముందువరసే. అలాంటిది ఒక మధ్యాహ్నం ఆవిడ భర్త వీర్రాజు గుండె ఆగి పోయాడు. పదకొండో రోజుకల్లా నేను ముట్టుకోకూడని వస్తువునైపోయాను. ఇత్తడీ అదే, కుంకుమా అదే, మనుషుల చూపే మారింది. నన్ను బీరువాలో పాత చీరల కిందకు తోసేశారు.

సత్యవేణిని చూస్తే నా గతే నయమనిపించేది. పెళ్లివాళ్ల జాకెట్లు కత్తిరించినవి కత్తిరించినట్టే పడున్నాయి. తిండి సయించదు, నిద్ర పట్టదు. తను లేకపోయినా ఎవరికీ ఏ లోటూ రాదని ఆవిడ గోడతో అంటుండగా ఆడపడుచు భ్రమరాంబ చెవిన పడింది. ఆ మనిషి మాటలు పెంచలేదు. వదినను బస్సెక్కించి రాజమండ్రిలో మానసిక వైద్యురాలి దగ్గర కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ చెప్పినవన్నీ ఇంటికొచ్చాక భ్రమరాంబ వదినచేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది. మాత్ర రోజుకొకటి, టిఫిను తిన్నాక. గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా కడుపులో తిప్పితే మానెయ్యకుండా ఫోను చెయ్యాలి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు మింగకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన ముదిరితే అప్పటికప్పుడు రావాలి. బాగుంది కదాని సొంతంగా ఆపకూడదు.

ఇక దాచడమెక్కడ? పక్కింటివాళ్లు చూస్తే పిచ్చిమందు అంటారని సత్యవేణి భయం. భర్త పోయినావిడ కుంకుమ భరిణె ఎవరు తెరుస్తారు? ఉన్న కుంకుమ వంపేసి, మాత్రల అట్టను ముక్కలుగా కత్తిరించి నాలో పోసింది. కుంకుమ మోసినన్నాళ్లూ నాకు గొంతే లేదు. ఇప్పుడు కదిపితే గలగలమన్నాను. సిగ్గేసింది.

ఐదోవారంలో కుట్టుమిషను చప్పుడు వినబడింది. నాలుగు నెలలకు ఆకలి కూడా వచ్చింది. అంతలో వీర్రాజు సంవత్సరీకం. పిండాలు పెట్టారు, ఇల్లు కడిగారు, ఏటిసూతకం తీరిందన్నారు. దుఃఖానికి గడువు తీరాక దుఃఖం మందు మాత్రం ఎందుకనుకుంది సత్యవేణి. నా మూత బిగించి మళ్లీ చీరల కిందకు తోసింది. ఏం మనుషులమ్మా! పంతులుగారు తిథి చెబితే మనసు కూడా ఆ తిథికి లేచి కూర్చుంటుందనుకుంటారు.

నాలుగోరోజుకే కళ్లు తిరిగాయి, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమంది. మందు ఒక్కసారిగా ఆపినందుకే అలా అవుతోందని ఆవిడకు తట్టలేదు. నెల్లాళ్లకు మిషను మళ్లీ మూగబోయింది. ఒక సాయంత్రం నన్ను బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ వేలు నా మూత అంచు చుట్టూ తిరుగుతోంది. ఆవిడ ఏమనుకుంటోందో నాకు అర్థమైంది. భయంతో బిగుసుకుపోయాను. అరుద్దామంటే నాకు నోరేదీ?

అప్పుడే గుమ్మంలోకి భ్రమరాంబ వచ్చింది. సత్యవేణి ఉలిక్కిపడి నన్ను కొంగు కింద దాచబోయింది. నేను గలగలమన్నాను. పుట్టి బుద్ధెరిగి అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు.

భ్రమరాంబ నన్ను లాక్కుని చెవి దగ్గర ఆడించింది. ఆ నెల మాత్రలు ఎప్పుడో అయిపోయి ఉండాలి.

"ఇది మోగకూడదు కదొదినా," అంది.

"ఏడాది అందరికీ అయిపోయింది భ్రమరా," అంది సత్యవేణి. "నాకే అవ్వలేదు."

ఆ రాత్రి భ్రమరాంబ ఇంటికి వెళ్లలేదు. పొద్దున్నే ఇద్దరూ రాజమండ్రి వెళ్లారు. డాక్టరమ్మ తిట్టలేదు. తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టింది. మానాల్సిన రోజు వస్తే తానే కొంచెం కొంచెంగా తగ్గిస్తానంది. అట్టలు భ్రమరాంబ దగ్గర ఉంచి, వదినకు వారానికి ఏడే ఇమ్మంది.

ఇప్పుడు నేను వంటింట్లో, టిఫిను పళ్లేల పక్కన ఉన్నాను. రోజూ ఎనిమిదింటికి ఫోను వస్తుంది. ఆడించమంటుంది భ్రమరాంబ. సత్యవేణి నన్ను ఫోను దగ్గర ఆడిస్తుంది. సోమవారం గట్టిగా మోగుతాను, శుక్రవారానికి టిక్కుటిక్కుమంటాను. ఆవిడ ఇంకా నవ్వడం లేదు. మిషను మీద గుడ్డ తియ్యలేదు. మాత్ర మింగుతోంది, అంతే.

ఇవాళ ఆదివారం. ఏడోది మింగి, నీళ్లు తాగి, నన్ను గట్టిగా ఆడించింది. నేను కిక్కురుమనలేదు.

"ఇంకో ఏడు తెత్తన్నానొదినా. ఉండు."

"ఉంటాను," అంది సత్యవేణి.