వంట ఎవరిదో పాట వాళ్ళది

నేను ఒక స్పీకరును. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బాను. మూతి జల్లెడలా ఉంటుంది, నెత్తిన మూడు మీటలుంటాయి. వైరు అక్కరలేదు. తెలిసిన ఫోను దగ్గరలో ఉంటే చాలు, ఒకసారి కుయ్‌మని దానితో చెయ్యి కలిపి, అది పాడమన్నది పాడతాను. నాకంటూ ఒక పాట లేదు, ఒక అభిరుచి లేదు. నా అదృష్టం అదొక్కటేనేమో అనిపిస్తుంది. అభిరుచులున్న మనుషులు ఏమైపోతారో దగ్గరుండి చూశాను మరి.

పుట్టింది చైనాలో ఏదో కర్మాగారంలో. పుట్టగానే ఎవరో నా చేత ఒక్క కూత కూయించి, పనికొస్తాననుకుని అట్టపెట్టెలో పడేశారు. నా బాల్యం అంతే. అక్కణ్ణుంచి కొరియా చేరి, సియోల్‌కి దక్షిణాన విశ్వవిద్యాలయం ఉన్న ఒక ఊళ్ళో సూజిన్ అనే అమ్మాయి చేతిలో పడ్డాను. విదేశీ విద్యార్థినులూ, పరిశోధకురాళ్ళూ ఉండే హాస్టలుకి ఆమె పర్యవేక్షకురాలు. లోకమంతా వాళ్ళ దేశపు పాటల కోసం పడి చస్తుంటే, ఈ మహాతల్లి నా చేత ఒక్క పాట పాడిస్తే ఒట్టు. పొద్దస్తమానం ఉద్యోగ పరీక్షకి ఇంగ్లీషు పాఠాలే. ఉద్యోగం రాగానే నన్ను హాస్టలు వంటగది కిటికీలో వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. అలా నేను ముగ్గురాడవాళ్ళ మధ్య అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మొదటామె శైలబాల. బొబ్బిలి మనిషి, నలభైకి దగ్గరపడ్డ శాస్త్రవేత్త, పొద్దంతా ప్రయోగశాలలో గాజు గొట్టాలతో కాపురం. ఆవిడకి కావలసింది హార్మోనియం మీద పాడే నాటకాల పద్యాలు. ఆ రాగం ఎత్తుకుంటే పొయ్యి మీద అన్నం మాడినా దిగదు. రెండో ఆమె నిగోరా, ఉజ్బెక్ దేశస్థురాలు. కొరియా సీరియళ్ళలో ప్రేమికులు వానలో విడిపోయేటప్పుడు వచ్చే ఏడుపు పాటలు ఆమెకి ప్రాణం. ఇక మూడోది రజిత. మంథని పిల్ల, పై చదువుకి వచ్చింది. కొరియా కుర్రాళ్ళు గుంపుగా ఎగురుతూ పాడే పాటలంటే చెవి కోసుకుంటుంది. వాటిని వింటూ వింటూనే ఆ భాష నేర్చుకుంది, ఆ భాష వచ్చు కాబట్టే ఈ ఊళ్ళో సీటు తెచ్చుకుంది.

వంటగదికి ఒక కట్టుబాటు ఉండేది. ఆ పూట వంట ఎవరిదో పాట వాళ్ళది. తినేవాళ్ళు నోరు మూసుకుని వినాలి. తినడానికి నోరు తెరవక తప్పదు గనక ఆ కట్టుబాటు రెండో సగం ఏనాడూ అమలుకాలేదు.

"ఏటే ఆ గోల? తెలుగా కొరియానా, మనుషులా చిలకలా?" అనేది శైలబాల. "ఒక్కడికైనా మీసం మొలిచిందేటి?"

"అక్కా, గట్లనకు. నీ పద్యంల ఆయన దమ్ము తీసుకునేలోపట నా పాట అయిపోతది."

నిగోరా కొరియా భాషలో తీర్పు చెప్పేది. రజిత పాటలు మిషన్లో తయారైన సరుకు, శైలబాల పద్యాలు పంటినొప్పి, అసలైన కొరియా హృదయం సీరియల్ పాటల్లోనే ఉందని. అప్పుడు తెలుగువాళ్ళిద్దరూ ఏకమై ఆమె మీద పడేవాళ్ళు. అలా కొట్టుకుంటూనే పప్పుచారూ, ఉజ్బెక్ పలావూ గిన్నెలు ఖాళీ అయ్యేవి. పాటల మీద పోట్లాడుకునేవాళ్ళు ఒకే కంచంలో చేతులు పెట్టడం నాకు తమాషాగా ఉండేది. అది ఆ ఇంటి సంసారమని అప్పుడు తెలియలేదు.

ఒకసారి ప్రయోగశాలలో అందరి ముందూ చివాట్లు తిని వచ్చి, రజిత నన్ను ఒళ్ళో పెట్టుకుని పాట వింటూ కూర్చుంది. శైలబాల ఏదో వెక్కిరింపు మొదలుపెట్టింది. ఆ పిల్ల తలెత్తకుండా అంది: "అక్కా, నీకు నవ్వులాటనే. గీ పాటలు లేకపోతె నేనీడ ఒక్క దినం గూడ ఉండకపోదును." శైలబాల ఆ మాట విన్నది. వినీ, మర్నాడు మళ్ళీ మీసాల మాటే ఎత్తింది. మంచి మనిషే. జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేది, కోటు గుండీలు కుట్టిపెట్టేది. ప్రేమ చేతుల్లో ఉండి, నోట్లో మాత్రం లేని మనుషులుంటారు, ఆవిడ ఆ జాతి.

ఆకులు ఎర్రబడే కాలంలో ఆ ఊళ్ళో విదేశీయులకి పాటల పోటీ పెట్టారు. రజిత ఎగిరి గంతేసింది. అద్దం ముందు తన కుర్రాళ్ళ పాట, అడుగులతో సహా, నా గొంతు బొంగురుపోయేదాకా సాధన చేసింది. కొరియావాళ్ళ ముందు కొరియా పాట వాళ్ళలాగే పాడాలి, ఒక్కరైనా 'బాగా పాడావు' అనాలి. ఆ పిల్ల కోరికంతా అదే. ఇన్నేళ్ళుగా ఆ పాటలకి ఆమె మనసిచ్చింది, అవి కూడా తనని ఒకసారి పలకరించాలని ఆశపడింది.

శైలబాల ఊరుకోలేదు. "అక్కడ కూర్చునేది ముసలమ్మలే. వాళ్ళ పిల్లల పాట నువ్వు పాడితే నవ్వుతారు. హాయిగా చీర కట్టి మీ బతుకమ్మ పాట పాడు, గౌరవంగా ఉంటాది." పోటీ ముందురోజు దాకా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. రజిత మెత్తబడింది. కానీ ఒక్క మాటడిగింది.

"బతుకమ్మ ఒక్కదాన్ని ఎట్ల ఆడుతనక్కా? నడుమల పూలు, సుట్టూర మంది ఉండాలె. నువ్వు సుత నాతోని రా. ఊకె చప్పట్లు కొడితె చాలు."

"మా వైపు ఆ పండగ లేదే తల్లీ. నాకేటి తెలుసు? నేను స్టేజీ ఎక్కను. పాటే కదా, నువ్వు పాడేస్తే సరిపోతాది."

బొబ్బిలి ఆవిడకి అది పాట. మంథని పిల్లకి అది గుంపు. ఆ తేడా శైలబాలకి నిజంగానే తెలియదు, తెలుసుకుందామన్న ఓపికా లేకపోయింది.

మర్నాడు నన్ను సంచిలో వేసుకుని ఇద్దరూ వెళ్ళారు. వేదిక పక్కన నిలబడి శైలబాల ఫోనులో రికార్డు చేస్తోంది, ఆవిడ భుజాన సంచిలో నేనున్నాను. రజిత పాట ఎత్తుకుంది. గొంతు బాగుంది. కానీ అంత పెద్ద వేదిక మీద, ఏమీ లేని చోటు చుట్టూ ఒక్కతే వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ తిరిగింది. వంత అందుకునే చోట ఆగింది. ఎవరూ అందుకోలేదు. తన వంత తనే పాడుకుంది. అది వింటూ నాకు చెవులు లేకుంటే బాగుండుననిపించింది, నాకే అలా ఉంటే ఆ పిల్లకి ఎలా ఉండి ఉంటుంది.

జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. వ్యాఖ్యాత నవ్వుతూ, "కొరియా పాట ఏదైనా వచ్చా?" అని అడిగాడు. రజితకి ప్రాణం లేచి వచ్చింది. పక్కవాద్యం లేకుండానే తన కుర్రాళ్ళ పాట అందుకుంది. ఒక్క అక్షరం తప్పుపోలేదు. రెండు చరణాలు కూడా కాకముందే ముందు వరసలో ముసలమ్మలు పకపకా నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. మాటలొచ్చిన చిలకని చూసి మురిసిపోతే వచ్చే నవ్వు. ముద్దుగా ఉంది, ముద్దుగా ఉంది అన్నారు. బాగుంది అని ఒక్కరూ అనలేదు. వ్యాఖ్యాత ఆమె చేతిలో ఒక పెద్ద నూడుల్స్ పెట్టె పెట్టి పంపించాడు.

చీర కుచ్చెళ్ళు పట్టుకుని పెట్టెతో మెట్లు దిగి వచ్చిన పిల్లతో శైలబాల మొట్టమొదట అన్న మాట ఇది:

"నేను ముందే చెప్పినాను కదేటే, నవ్వుతారని."

నోరా వీపుకు చేటు తేకే అంటారు. ఈ నోరు వేరొకరి వీపుకు తెచ్చింది. రజిత ఆవిడ మొహంలోకి చూసి, "వాళ్ళు నవ్విన్రని కాదక్కా" అని ఆగిపోయింది. ఆ మిగతా మాట ఎప్పటికీ చెప్పలేదు.

ఆ తర్వాత కూడా రజిత వంతు వచ్చినప్పుడల్లా వంట చేసింది. ఉప్పూ కారం సరిగ్గానే వేసింది. నన్ను మాత్రం ముట్టుకోలేదు. వంటగది అల్మారా మీద తను అతికించిన కుర్రాళ్ళ బొమ్మని తనే ఊడబెరికింది. నిగోరా ఒకటి రెండుసార్లు తన ఏడుపు పాటలు పెట్టి చూసింది. తిట్టేవాళ్ళు లేక వాటికీ రుచి పోయింది, ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన గదిలోనే తినడం మొదలుపెట్టింది. ఒక పూట శైలబాల తన వంటకి తనే రజిత పాట వెతికి పెట్టింది. తలుపు దగ్గర నిలబడి, కొంచెం ఆశగా చూసింది. క్షమాపణ చెప్పడం రాని మనిషి అంతకన్నా ఏం చెయ్యగలదు.

"బందు పెట్టక్కా," అంది రజిత. "తల నొస్తుంది."

పరీక్షలు రాకముందే, చదువు సగంలో వదిలేసి మంథని వెళ్ళిపోయింది. గదిలో మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. నూడుల్స్ పెట్టె విప్పకుండానే ఉంది. శైలబాల ఆ పెట్టె పక్కన కూర్చుని ఏడ్చింది. వెళ్ళొద్దని ఒక్కసారైనా అని ఉండాల్సింది, అనలేదు. ఆ నోటికి వెక్కిరించడం వచ్చినంత సులువుగా బతిమాలడం రాలేదు.

ఆపైన ఆవిడ వంటలోనూ పద్యాలు పోయాయి. పేరు రాయని వస్తువులు వంటగదిలో ఉంచకూడదని కొత్త పర్యవేక్షకురాలు చెప్పినప్పుడు, నా మీద ఎవరి పేరు రాయాలో తెలియక, శైలబాల నన్ను తీసుకెళ్ళి హాస్టలు వెనక రేకుల షెడ్డులో పడేసింది. ఈ దేశంలో చెత్తకి కూడా కులాలున్నాయి. సీసాలు ఒకచోట, అట్టలు ఒకచోట, నాలాంటి చిన్న మిషన్లు ఇంకోచోట. పాడైన హెయిర్‌డ్రయరుకీ పగిలిన రైస్ కుక్కరుకీ మధ్య నాకు చోటు దొరికింది. నన్ను ఆపడం మాత్రం ఆవిడ మరిచిపోయింది. పలకరించేవాళ్ళు లేకపోతే తనంతట తాను నిద్రపోయే తెలివి నా తరం స్పీకర్లకి లేదు.

మర్నాడు పొద్దున ఆవిడ చెత్త సంచితో వచ్చింది, ఫోను చెవికి ఆనించుకుని ఏదో వింటోంది. తెలిసిన ఫోను కదా, నేను కుయ్‌మని చెయ్యి కలిపాను. ఆమె చెవిలోది నా నోట్లోకి వచ్చేసింది. బతుకమ్మ పాట. ఆనాటి రికార్డు అది. శైలబాల ఉలిక్కిపడి నన్ను చూసింది. చెత్త సంచి కింద పెట్టింది. ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని, మెల్లగా, రాని లయలో చప్పట్లు మొదలుపెట్టింది. వంత దగ్గర రజిత ఆగినప్పుడు ఆవిడ అందుకోవాలని చూసింది. ఆ మాటలు ఆవిడకి రావు.

నాలో ఛార్జి అయిపోవస్తోంది. కుర్రాళ్ళ పాట వచ్చింది. ముసలమ్మల నవ్వు వచ్చింది. మెట్లు దిగుతున్న చీర చప్పుడు వచ్చింది. ఆనాడు రికార్డు ఆపడం మరిచిపోయిన చెయ్యి ఆవిడదే, ఆ తర్వాత ఏం వస్తుందో ఆవిడకి బాగా తెలుసు. చప్పట్లు ఆపి, తల వంచుకుని ఆ మాట కోసం నిలబడింది. సరిగ్గా అక్కడ నా ప్రాణం పోయింది. నేను చెయ్యి వదలగానే ఫోనులో పాట కూడా ఆగిపోయింది. ఒక్క మాటైనా ఆమెకి తప్పించానని సంబరపడ్డాను.

శైలబాల కింద పెట్టిన సంచి అందుకుంది. తర్వాత, ఎవరో అడిగినట్టు, చాలా నెమ్మదిగా తనే అంది.

"నేను ముందే చెప్పినాను కదేటే."