తన బదులు తోటికోడలు

చిన్నకోడలి కుడి మణికట్టు విరిగి పదిహేను రోజులైంది. ఇంటిపనులకు మనుషుల్ని పంపే యాప్ తరఫున వెళ్లిన ఇంట్లో స్నానాలగది కడుగుతూ జారిపడింది. వైద్యం, సెలవు అడిగితే యాప్ కంపెనీ చేతులు దులిపేసుకుంది. ఆమె తమ ఉద్యోగి కాదట, తనకు తానే యజమానట! బకెట్టు మోసే యజమానిని లోకంలో ఎవరైనా చూశారా? ఒళ్లు మండి, కార్మిక అధికారిణికి ఫిర్యాదు చేసింది.

విచారణ రోజున కంపెనీ లాయరు ఒప్పందం కాగితం ఊపాడు. "ఆవిడకి పూర్తి స్వేచ్ఛ ఉంది మేడమ్. తను రాలేకపోతే తన బదులు ఎవర్నైనా పంపుకోవచ్చని ఇందులోనే రాశాం. ఉద్యోగికి ఆ వీలుంటుందా?"

అధికారిణి తలూపింది. చిన్నకోడలు వెనక్కి తిరిగి, తోడుగా వచ్చిన తోటికోడలిని, ఆ ఇంటి పెద్దకోడలిని, చూసింది. ఇంట్లో వాళ్లిద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం, బయటివాడు మాట అంటే మాత్రం ఇద్దరూ ఒకటే.

"అయితే మా అక్కని ఇప్పుడే పంపిస్తానండీ," అంది చిన్నకోడలు.

పని మొదలుపెట్టేముందు యాప్ మొహం ఫొటో తీసి సరిచూస్తుందని, తేడా వస్తే ఖాతా మూసేస్తారని ఆమెకు తెలుసు. ఆరేళ్ల బతుకుతెరువు అందులోనే ఉంది. భయం వేసింది, అయినా తెగించింది. ఎడమచేత్తో యాప్‌లో ఒక పని ఒప్పుకుని, ఫొటో కోసం ఫోన్ తోటికోడలికి అందించింది. పెద్దకోడలు జుట్టు సర్దుకుని, ఫొటో స్టూడియోలో కూర్చున్నంత బిగుసుకుని కూర్చుంది.

"ముఖం సరిపోలలేదు. మీ ఖాతా రద్దయింది," అని ఫోన్ గదంతా వినిపించేలా చెప్పింది.

లాయరు కంగారుపడ్డాడు. "అలా కాదు మేడమ్, ముందుగా అనుమతి తీసుకోవాలి."

"ఎవరి దగ్గర?"

"కంపెనీ దగ్గర."

"తనకు తానే యజమాని అన్నారుగా?" అంది అధికారిణి.

మధ్యాహ్నానికల్లా తీర్పు వచ్చింది. ఆమె ఉద్యోగే. వైద్యం కంపెనీదే, ఎముక అతికేదాకా జీతంతో సెలవు. రద్దయిన ఖాతాను అధికారిణి అక్కడికక్కడే తెరిపించింది. గేటు బయట అదే యాప్ యూనిఫాంలో కాచుకున్న పాతికమంది ఆడవాళ్లు ఈలలు వేశారు. చిన్నకోడలికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

మెట్లు దిగుతుండగానే ఫోన్ మోగింది.

"ఏంటట?" అంది పెద్దకోడలు.

"దగ్గర్లో పనుంది, పది నిమిషాల్లో రమ్మంటోంది యాప్."

"ఏం చెప్తావే?"

చిన్నకోడలు తలెత్తి, వీధి చివరిదాకా వినపడేలా అంది:

"సెలవులో ఉన్నానక్కా!"