శ్రద్ధగా పరీక్షించాం

నల్ల తెర మీద ఒక నంబరు, ఒక ఖాళీ, ఒక అక్షరం, ఎంటర్. ఇష్యూ మూసుకుపోయింది. మళ్ళీ ఇంకో నంబరు, ఇంకో ఖాళీ, అదే అక్షరం. బియ్యంలో రాళ్ళేరే చేతుల్లా ఆమె వేళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. మనసు మాత్రం పొద్దున గ్యాస్ కట్టేశానా లేదా అన్న దగ్గరే నిలబడిపోయింది.

ఆఫీసులో ఆమెను మూతక్క అంటారు. ఎదురుగా కాదు, కాస్త పక్కకి తిరిగి.

చూపు లేనివాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించే యాప్ ఆ ఆఫీసు తయారుచేస్తుంది. ఫోన్ని పేజీ మీద పట్టుకుంటే లోపలి గొంతు చదివేస్తుంది. సరిగ్గా చదవకపోతే జనం ఫిర్యాదు పంపుతారు. ప్రతి ఫిర్యాదుకీ ఒక నంబరు పడుతుంది, దాన్నే వీళ్ళు ఇష్యూ అంటారు. వచ్చినదాన్ని చదివి, చెప్పింది నిజమో కాదో పరీక్షించి, నిజమైతే ప్రోగ్రామర్లకి పంపడం, కాకపోతే మూసేయడం ఆమె పని. మిగతావాళ్ళయితే రంగుల పేజీలో మౌస్‌తో నొక్కుకుంటూ కూర్చుంటారు. ఆమెకిచ్చిన పాత కంప్యూటర్‌కి ఆ పేజీ తెరవాలంటేనే ఆయాసం. అందుకని నల్ల తెరలో కమాండ్లు టైపు చేసి కానిచ్చేస్తుంది.

ఒకప్పుడు ఆమే ప్రోగ్రాములు రాసేది. కూతురు పుట్టాక మానేసి, అది బడికెళ్ళే వయసొచ్చాక తిరిగొస్తే భాషలు మారిపోయాయి, తన కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. పోనీ ఫిర్యాదులు చూడండి అన్నారు. ఇంట్లో మాత్రం "సాఫ్ట్‌వేర్ పని" అనే చెబుతుంది. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అడగకపోవడం ఆమెకి ఎంత సుఖమో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మొదట్లో ప్రతిదీ పరీక్షించేది. ఫోన్ తీసి, పేజీ పెట్టి, చెవి ఒగ్గి వినేది. రానురాను వచ్చేవి పెరిగాయి, వినే ఓపిక తరిగింది. అప్పుడు ఒక సదుపాయం చేసుకుంది. నంబరు పక్కన ఒక్క అక్షరం కొడితే చాలు, ఇష్యూ మూసుకుంటుంది, రాసినవాళ్ళకి జవాబు కూడా వెళ్ళిపోతుంది: "మీ ఫిర్యాదును మేము శ్రద్ధగా పరీక్షించాం. మీరు చెప్పిన ఇబ్బంది మా దగ్గర ఎక్కడా కనిపించలేదు. మీ ఓపికకు ధన్యవాదాలు." ఎంతో ఆలోచించి రాసుకున్న మాటలవి. మేనేజరు ఒక్క అక్షరం దిద్దకుండా ఒప్పుకున్న ఏకైక రచన. కింద ఆమె పేరు పడదు, ఆఫీసు పేరే పడుతుంది. ఆ ఏర్పాటూ ఆమెదే.

"రేపు కొత్త వెర్షన్ వదులుతున్నామండీ," అన్నాడు మేనేజరు, వెనక నుంచి వంగి. "తెరిచున్నవి మరీ అన్ని కనిపిస్తే బాగోదు. కొంచెం చూడండి."

కొంచెం చూడండి అంటే చూడకండి అని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు.

సగం దాటాక ఒకటి తగిలింది. చేత్తో టైపు చేసింది కాదు, నోటితో చెప్పి పంపింది. పక్క సీటు ప్రోగ్రామరమ్మ అటు తొంగి చూసి, నవ్వాపుకోలేక పైకే చదివింది.

"అయ్యా, మీ యాప్ నవల బాగానే చదువుతోంది గానీ, అందులో మనుషులు మాట్లాడుకోవడం లేదు. తలుపులు తీస్తారు, కూర్చుంటారు, లేచి వెళ్ళిపోతారు. ఒకావిడ ఏడ్చింది కూడా. ఎందుకేడ్చిందో తెలియలేదు. లోపం నా చెవుల్లో ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి, ఏమీ అనుకోను. ఇట్లు ఒక పాఠకుడు."

"పుస్తకంలో మనుషులు మాట్లాడకపోతే రచయితని అడగాలి, మనల్నెందుకు?" అంది ప్రోగ్రామరమ్మ.

"మా ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు," అంది ఆమె. "నేనెవరికి రాయాలి?"

ఆ వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె మాటకి అంతమంది నవ్వి చాలాకాలమైంది. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉండగానే నంబరు కొట్టింది, ఖాళీ కొట్టింది, అక్షరం కొట్టింది.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో వదినగారి చెప్పులున్నాయి. ముందు గదిలో బావగారి బట్టల సంచి జిప్పు వేసి సిద్ధంగా ఉంది.

బావగారంటే ఆమె భర్తకి అన్న, వదినగారు వాళ్ళిద్దరికీ అక్క. బావగారు టైలరు. సూదిలో దారం ఎక్కించడం కష్టమైనప్పుడు కళ్ళజోడు మార్చారు, గుడ్డ అంచు కనిపించనప్పుడు దుకాణం మూశారు, మెట్లు కనిపించనప్పుడు తమ్ముడింటికి వచ్చారు. ఆయనకున్న ఒకే వ్యసనం నవలలు. అందుకే తమ ఆఫీసు యాప్ ఆయన ఫోన్లో ఆమే పెట్టి, ఎలా పట్టుకోవాలో నేర్పింది. ఎలా ఉంది బావగారూ అని అడిగితే, బ్రహ్మాండం అన్నారు. ఆ తర్వాత ఆమె అడగలేదు. అక్కయ్య తన దగ్గరికి రమ్మంటున్నా, చదువుకోవడానికి ఇక్కడ వీలుగా ఉందని ఆయనే వాయిదా వేస్తూ వచ్చారు. పొద్దున ఆమె ఒక చెప్పు వేసుకుని రెండోది వెతుక్కుంటుంటే, "అమ్మాయ్, ఒక జవాబు రావాలి. దాన్నిబట్టి ఉండటమో, అక్కయ్య దగ్గరికి పోవడమో," అన్నారు. "సరే బావగారూ," అంది రెండో చెప్పు దొరికిన సంతోషంలో.

"ఇప్పుడేంటి ఉన్నట్టుండి?" అని అడుగుతున్నాడు ఆమె భర్త. "ఎవరన్నా ఏమన్నా అన్నారా అన్నయ్యా?"

"మీరేమంటార్రా, మీరు ఉదయం వెళ్తే రాత్రికి గానీ దొరకరు," అన్నారు వదినగారు, తమ్ముడి స్వెటర్ మడతపెడుతూ. "అనడానికైనా మనిషుండాలిగా."

"ఎవరూ ఏమీ అనలేదు," అన్నారు బావగారు. "నా చెవులో బుర్రో, ఏదో ఒకటి కళ్ళ దారి పట్టింది. పుస్తకం వింటుంటే మధ్యమధ్యలో మాటలు జారిపోతున్నాయి. అమ్మాయి ప్రేమగా పెట్టిచ్చింది కదా, బాగాలేదని దాని మొహం మీదెలా అంటాను? అందుకని ఆ యాప్ వాళ్ళనే అడిగాను. ఇవాళ జవాబిచ్చారు. విను."

ఫోన్ చేతిలోకి తీసుకుని వేలితో తడిమి నొక్కారు. ఆ యాప్ గొంతు, ఎత్తూ పల్లం లేకుండా, ఆమె ఇంటి ముందు గదిలో చదివింది.

"మీ ఫిర్యాదును మేము శ్రద్ధగా పరీక్షించాం."

ఆమె చేతిసంచి ఇంకా భుజానే ఉంది. దాన్ని దింపాలని తోచలేదు.

"ఎంత మర్యాదగా రాశారో చూడు," అన్నారు బావగారు. "నాలాంటి వాడి గోల కూడా పట్టించుకుని, శ్రద్ధగా చూశారట. అంత శ్రద్ధగా చూసినవాళ్ళు అబద్ధమెందుకు రాస్తారు? లోపం నాలోనే ఉంది. బుర్ర కూడా జారడం మొదలైతే ఇక్కడ పగలంతా ఒక్కణ్ణే ఉండటం మంచిది కాదు. మీకూ బెంగ."

"నువ్వైనా చెప్పవేం?" అన్నాడు భర్త ఆమెతో. "కంప్యూటర్ మనిషివి."

అందరూ ఆమె వైపు చూశారు. బావగారు కూడా, ఆమె ఉందనుకున్న వైపుకి, కొంచెం ఎడంగా.

ఆమె నోరు తెరిచింది.

"కాఫీ తాగి వెళ్ళండి," అంది.

కాఫీ తాగారు. చక్కెర సరిపోయిందన్నారు. కిందికి దిగేటప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కున్నారు. కారు దగ్గర, "నీ మీద కోపంతో పోతున్నాననుకునేవు సుమా," అన్నారు. "ఫోన్ అక్కడే పెట్టాను. ఇంక నాకెందుకు, ఎవరికైనా పనికొస్తుంది." వదినగారు తలుపు వేశారు. కారు వీధి మలుపు తిరిగింది. భర్త పైకి వెళ్ళిపోయాక కూడా ఆమె కాసేపు అక్కడే ఉంది, ఎవరో పిలుస్తారన్నట్టు.

ముందు గదిలో మంచం మీద దుప్పటి నాలుగు అంచులూ కలిపి మడిచి ఉంది. పక్కన ఫోను, లావుపాటి నవల. ఆయన ఆపిన చోట తెరిచి, ఫోన్ని పేజీ మీద పట్టుకుంది.

"ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. అతను తల దించుకున్నాడు. ఆమె ఏడవసాగింది. అతను గొడుగు తీసుకుని బయటికి నడిచాడు," అంది గొంతు.

ఆమె కళ్ళతో చదివింది. కిటికీకీ గొడుగుకీ మధ్య వాళ్ళిద్దరూ పేజీ పొడవునా మాట్లాడుకున్నారు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న ప్రతి మాటనీ యాప్ మింగేసింది. తెలుసుకోవడానికి పట్టింది ఒక్క పేజీ తిప్పేంత సేపు.

వదినగారికి ఫోన్ చేస్తే సరిపోతుంది. నంబరు తీసింది. బావగారికివ్వండి అనాలి. ఇచ్చాక, ఆ జవాబు రాసింది నేనే అనాలి. నంబరు మూసేసింది.

లాప్‌టాప్ తెచ్చుకుని మంచం అంచున కూర్చుంది. మూసిన ఇష్యూని తిరిగి తెరిచే కమాండ్‌కి సదుపాయం ఏదీ చేసుకోలేదు ఎప్పుడూ, అవసరం పడలేదు. పూర్తిగా టైపు చేయాల్సి వచ్చింది. జవాబు దగ్గర కర్సర్ చాలాసేపు కొట్టుకుంది. చివరికి, "ఇంతకుముందు పరీక్షించలేదు. ఇవాళ పరీక్షించాను. మీ చెవులు బాగున్నాయి," అని రాసి ఎంటర్ నొక్కింది. ఎవరు రాశారో రాయలేదు.

పక్కనే ఫోన్ వెలిగింది. ఖాళీ గదికి ఆ మూడు వాక్యాలూ ఎత్తూ పల్లం లేకుండా చదివి వినిపించి ఆరిపోయింది.

నవల మూయబోతే, ఆ పేజీలో గుర్తుగా పెట్టుకున్న కొలతల టేపు బయటికి జారింది. అంకెలు అరిగిపోయి, ఒక చివర రేకు ఊడిపోయి, మంచం మీంచి నేలదాకా వేలాడుతూ ఉంది.