పాట మధ్యలో ఊపిరి

ఆదివారం పొద్దున్నే వనజ జొన్నరొట్టె చరుస్తుంటే సందులోంచి ఆటో ఒకటి పోయింది, పాట పెట్టుకొని. బీరంగూడలో పాట లేని ఆటో ఉండదు. ఈ మధ్య ఆ పాట లేని ఆటో అసలే ఉండదు. "నారు ఒడ్వదు నాయినా, నడుము నిల్వదు నాయినా" అంటూ ఒక ఆడగొంతు ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతుంది. దాని వెనక గుండెలదిరే మోత. మోత ఒక్క క్షణం ఆగుతుంది, "హా" అని ఒక ఊపిరి వినిపిస్తుంది, మళ్ళీ మోత. ఆ "హా" దగ్గర పెళ్ళి బరాతుల్లో మగపిల్లలంతా ఒక్కసారే గాల్లోకి ఎగురుతారు. ఆడపిల్లలు గుండె మీద చెయ్యి వేసుకొని, కళ్ళు వాల్చి వీడియోలు తీసుకుంటారు. వనజ కూతురు మహిత కూడా తీసుకుంది, డాబా మీద, తల్లి చీర కట్టుకొని.

ఆ గొంతు వనజది. ఆ ఊపిరీ వనజదే.

నారు కట్టలు ఎంతకీ అయిపోవు, నడుమేమో నిలవనంటుంది అని నాట్లేసే ఆడవాళ్ళు పాడుకునే పాట అది. ఏడిస్తే మేస్త్రి తిడతాడు, పాడితే ఏమీ అనడు, అందుకని పాడుకునే పాట. దానికి ఇప్పుడు ఊరంతా గంతులేస్తోంది. వనజ పనిచేసే మందుల కంపెనీ బస్సులో డ్రైవరు కూడా అదే పెడతాడు. ప్యాకింగ్ హాల్లో తనతో పాటు నిలబడి డబ్బాల మీద లేబుళ్ళు చూసే ఆడవాళ్ళు చప్పట్లు కొడతారు. వనజ కిటికీ బయటికి చూస్తుంది. "నీకు పాటలంటే పడదా ఏంది వనజక్కా?" అని ఒకామె అడిగింది కూడా. "తలనొస్తది" అంది వనజ. అది అబద్ధమేమీ కాదు.

ఆ పాట పాడేనాటికి వాళ్ళు బీరంగూడకు రాలేదు. సంగారెడ్డి అవతల ఊళ్ళో ఉండేవాళ్ళు, కౌలుకు తీసుకున్న పొలం, రెండు బర్రెలు. వనజ పాడితే మడి గట్టు మీద పోయేవాళ్ళు ఆగేవారు. సంగారెడ్డిలో ఒకాయన జానపదాలు రికార్డు చేసి సీడీలు వేస్తున్నాడని తెలిసి, మొగుడు శివశంకర్ ఆమెను బండి మీద కూచోబెట్టుకొని తీసుకుపోయాడు. అప్పుడామెకు ఏడో నెల. చిన్న గది, గోడలకు గోనెసంచులు కొట్టి ఉన్నాయి. పాడుతూ పాడుతూ రెండో చరణం దగ్గర ఊపిరి తప్పి "హా" అంది. "తప్పు పడ్డదమ్మా, ఇంకోసారి" అన్నాడాయన. ఇంకోసారి పాడే వీలు లేకపోయింది, తప్పు తప్పులాగే ఉండిపోయింది. ఆ సాయంత్రమే నొప్పులొచ్చాయి. పెద్దాస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది గానీ ఏడవలేదు.

సీడీ వచ్చింది. ఎవరూ కొనలేదు. వీళ్ళకు ఊరికే ఇచ్చిన సీడీల కట్టను అత్త మల్లమ్మ దారాలకు కట్టి, చిలకలు రాకుండా జొన్నచేలో వేలాడదీసింది. ఎండకు అవి తళతళమంటూ తిరుగుతుంటే వనజ వాటి కింద కలుపు తీసింది. వచ్చినవాళ్ళతో, పోయినవాళ్ళతో మల్లమ్మ ఒకటే మాట: "కడుపుతోటి ఉన్నది గొంతెత్తి పాడొచ్చునా? బిడ్డ దడుసుకోదా? పాటకు పోయి కడుపు పోగొట్టుకున్నది." కూరలో ఉప్పు తక్కువైతే "పాటల రాణికి ఉప్పు యాడ యాదుంటది" అనేది. శివశంకర్ అంత మాట అనలేదు. మంచివాడే అనుకోవాలి. "నేను వద్దంటే ఇననే ఇనకపాయె" అని మాత్రం అన్నాడు, ఒకసారి బంధువుల ముందర. వద్దని అతను అన్నది ఎప్పుడో వనజకు గుర్తు లేదు. కానీ బిడ్డ పోయిన ఆడది ఏది చెప్తే అది నమ్ముతుంది. తనే పాడి తనే చంపుకున్నానని నమ్మింది. రెండేళ్ళకు మహిత పుడితే జో కొట్టింది గానీ జోల పాడలేదు. బతుకమ్మ ఆడినా చప్పట్లు కొట్టి ఊరుకునేది. ఎవరైనా గమనించారా అంటే, ఇంట్లో ఆడది మాట్లాడటం మానేస్తే తెలుస్తుందేమో గానీ పాడటం మానేస్తే ఎవరికి తెలుస్తుంది? రొట్టెలు రోజూ అవుతూనే ఉన్నాయి కదా.

పోయిన ఏడు కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో ఉండే డీజే పిల్లగాడు, శ్రావణ్‌కుమార్ అని, నెట్‌లో ఎవరో పెట్టిన ఆ పాత పాటను పట్టుకొని, ఉరికించి, మోత పెట్టి వదిలాడు. తప్పు పడ్డ ఆ ఊపిరిని కోసి, పాటంతా నాట్లేసినట్టు వేశాడు. అదే తగులుకుంది. ఎవరి పెళ్ళిలోనో శివశంకర్ ఎగిరెగిరి ఆడి, మధ్యలో ఆగి, "ఇది నా పెండ్లాం గొంతు గదరా!" అన్నాడట. అప్పట్నుంచి అతను పాటకు మేనేజరు. కంపెనీలో లేతు మిషను నడిపేవాడు కాస్తా ఫోనుల్లో "మా మేడంను అడిగి చెప్త" అనడం నేర్చాడు. మేడంను అడిగింది లేదు. మల్లమ్మ నల్లా దగ్గర బిందె పెట్టి, "గా పాట పాడింది మా కోడలే, మా ఇంటికొచ్చినంకనే పాడింది" అని చెప్తుంది. నరం లేని నాలుక అని ఊరికే అనలేదు.

వనజకు కోపం వచ్చిందా అంటే, కోపం కంటే ముందు భయం వచ్చింది. వీధిలో ఆ "హా" వినపడినప్పుడల్లా పొత్తికడుపు బిగుసుకుంటుంది. ఎక్కడ పాట మొదలైనా ఆమె ఆ ఊపిరి కోసం కాచుకొని ఉంటుంది. అది వచ్చి వెళ్ళాక గానీ చేతిలో పని సాగదు. బిడ్డ పోయిన గడియను కోసి డబ్బాలో పెట్టి ఊరూరా తిప్పుతున్నారు, తన ఇంటివాళ్ళే ముందు నిలబడి ఆడుతున్నారు. ఎవరికి చెప్పాలి? చెప్తే, పాడమని ఎవరన్నారు నిన్ను అంటారు.

ఆ ఆదివారం శ్రావణ్‌కుమార్ భోజనానికి వస్తున్నాడు. రాత్రి పడుకునేటప్పుడు శివశంకర్ చెప్పాడు, "నాటుకోడి తెస్త, జెర మంచిగ చెయ్యి" అని. ఎందుకొస్తున్నాడో చెప్పలేదు. వనజ రొట్టెలు చేసి, కోడి కాల్చి, మసాలా నూరి, ఇల్లు తుడిచి, వారం రోజుల కంపెనీ బట్టలు ఉతికి ఆరేసేసరికి మధ్యాహ్నమైంది. వారానికి ఒక్క సెలవు. అది కూడా ఇట్లా పోయింది.

పిల్లగాడు చెడ్డవాడేం కాదు. గుమ్మంలోనే చెప్పులిడిచి, "దండం అక్కా" అన్నాడు. తిన్నాక చాప మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. సంగతి అప్పుడు బయటపడింది. పాటకు రెండో భాగం చేస్తున్నాడు. దసరాకు సంగారెడ్డిలో పెద్ద స్టేజి. వనజ వచ్చి పాట పాడనక్కర్లేదు, పాట మిషనే పాడుతుంది. మోత ఆగినప్పుడు ఆమె మైకు దగ్గర పెట్టుకొని "హా" అంటే చాలు. శివశంకర్ అప్పటికే సరేనన్నాడు.

"ఒక్క ముచ్చట అడుగుతనక్కా" అన్నాడు శ్రావణ్. "ఆ ఊపిరి అసలు ఎట్ల తీసినవ్? పెద్ద పెద్ద సింగర్లతోని ట్రై చేసిన. ఎవ్వరికీ వస్తలేదు."

"అది నేనే చెప్పిన తమ్మీ" అన్నాడు శివశంకర్, పళ్ళు కుట్టుకుంటూ. "జెర ఫీలింగ్‌తోని ఊపిరి వదులు, పబ్లిక్‌కు పడ్తది అన్న."

వనజ గిన్నెలు ఎత్తుతోంది. ఎత్తుతూ ఆగింది. మొగుడు ఆమె పనులు చాలా తన ఖాతాలో వేసుకున్నాడు. కోడికూర బాగుంటే కోడి తెచ్చిన తన ఘనత, మహితకు మార్కులొస్తే ఫీజు కట్టిన తన ఘనత. వాటికి ఆమె నవ్వి ఊరుకునేది. ఇది మాత్రం ఆమె లోపలికి పోయి, అక్కడ పడుకోబెట్టి ఉన్న బిడ్డను తీసుకొని "నాదే" అన్నట్టుంది. ఆమెకు ఒళ్ళు మండింది. అయినా గిన్నెలే ఎత్తింది. అలవాటు అట్లాంటిది.

"ఒట్టి గొంతు ఇనిపిస్త సూడక్కా" అన్నాడు శ్రావణ్. "డప్పు, హార్మోనియం అన్నీ తీసేసిన. అసలు స్పీడు. నువ్వు పాడింది పాడినట్టు."

పాట మొదలైంది. మోత లేదు, పరుగు లేదు. ఇన్నేళ్ళకు తన గొంతును తను విన్నది. ఎంత చిన్న పిల్ల గొంతు! నారు ఒడ్వదు... ఒక చిన్న ఎగశ్వాస. నాయినా... మళ్ళీ ఇంకొకటి. రెండో చరణం ఇంకా చాలా దూరం ఉంది, వనజ ఎప్పటిలాగే దాని కోసం కాచుకోవడానికి సిద్ధమవుతోంది. కానీ ఇవేంటి? మొదటి మాట నుంచే ఊపిరి తెగుతోంది. పన్ను మీద పన్ను పెట్టి, బిగబట్టి, వదిలి, మళ్ళీ అందుకుంటోంది ఆ పిల్ల.

"ఆపు తమ్మీ" అంది. "మొదటికెల్లి పెట్టు."

పెట్టాడు. "మళ్ళ పెట్టు" అంది. మళ్ళీ పెట్టాడు. ఆడవాళ్ళకు ఆ ఊపిరి తెలుస్తుంది. మహితను కన్నప్పుడు వచ్చిందీ అదే. నొప్పి బిగిసి వదిలేటప్పటి ఊపిరి. అంటే నోరు తెరిచి తొలి మాట పాడకముందే నొప్పులున్నాయి. ఉన్నాయి కదా, ఆమెకు తెలుసు కదా! ఆ రోజు తెల్లవారుజామున కూలివాళ్ళు రాలేదని నారుమడి నుంచి మడిలోకి మోకాలి బురదలో కట్టలు మోసింది ఆమే. నడుము బిగుస్తోందని చెప్పింది కూడా. "మేమందరం మోసినోళ్ళమే, నఖరాలు వడకు" అంది మల్లమ్మ. ఇదంతా వనజ మరిచిపోలేదు. కానీ అదొక కష్టం, ఇదొక పాపం అని వేరు వేరుగా దాచుకుంది. ఏది ముందో ఏది వెనకో ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. చూసుకోనివ్వలేదు. ఎవరు మోయించారో వాళ్ళే నేరం పాట మీదికి నెట్టారు, ఆమె కొంగు పట్టి తీసుకుంది. ఇన్నేళ్ళు తన నోరు తను నొక్కుకుంది, వేరేవాళ్ళ తప్పుకు.

దుఃఖం వచ్చింది, దాని వెనకే ఒళ్ళంతా తేలికైంది. రెండూ ఒకేసారి వస్తాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు. గిన్నెలు కింద పెట్టి, మంచం మీద కూచున్న అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా, నా బిడ్డ పాటకు పోలేదు."

మల్లమ్మ తమలపాకు నములుతున్నదల్లా ఆగింది. "ఏందే?"

"నారుకు పోయింది. పాటకాడికి పోయేసరికే నొప్పులు షురువైనయ్. ఇగో, ఇను. మొదటి మాటకే ఊపిరి ఆడ్తలేదు నాకు. నీకు తెల్వదా ఈ ఊపిరి? నువ్వు ముగ్గుర్ని కన్నవ్."

మల్లమ్మ వినలేదని కాదు. ముఖం పక్కకు తిప్పుకుంది. "ఎప్పటిదో ముచ్చట... వచ్చినోళ్ళ ముంగట ఎందుకే గిప్పుడు?"

"వచ్చినోళ్ళకు, పోయినోళ్ళకు నువ్వు చెప్పంగ లేంది, నేను ఒక్కసారి చెప్తే ఏమైతది?"

"వనజా!" అన్నాడు శివశంకర్. గట్టిగా అనబోయి, పిల్లగాడున్నాడని తగ్గాడు. "ఆమెకు మనసు బాగలేదు తమ్మీ, నువ్వేమనుకోకు. నేను నచ్చజెప్త. దసరాకు వస్తది."

మహిత గోడకు ఆనుకొని నిలబడి ఉంది. చేతిలో ఫోను పక్కన పెట్టేసింది. "అమ్మా, నాకు అక్క ఉండెనా?" అంది, మెల్లగా.

"ఉండె బిడ్డా" అంది వనజ. ఇంతకాలం ఆ ఒక్క మాట కూడా ఇంట్లో ఎవరూ అనలేదు.

శ్రావణ్‌కుమార్ ల్యాప్‌టాప్ సగం మూశాడు, మళ్ళీ తెరిచాడు. "నాకు తెల్వదక్కా. తెలిస్తే గట్ల కోయకపోదు. తీసేస్త. ఆ ఊపిరి తీసేస్త." ఆగి, "తీసేస్తే ఇగ పాటల ఏముంటదో..." అని గొణిగాడు.

"పాటుంటది" అంది వనజ. "నాలుగు చరణాల పాట అది. మీరెవ్వరు మొత్తం ఇన్లేదు. దసరాకు నేను వస్త, స్టేజి ఎక్కుత, మొత్తం పాడుత. ఆ "హా" మాత్రం నేను అనను. అది పాడింది కాదు తమ్మీ, నొప్పి. మళ్ళ తెమ్మంటే యాడికెల్లి తేవాలె? ముందుగాల స్టూడియోల పాడి నేర్సుకుంట. గొంతు తుప్పు వట్టింది. ఎప్పుడు రావాలె?"

పిల్లగాడు అలవాటుగా శివశంకర్ వైపు చూడబోయి, చూపు మళ్ళించుకొని ఆమెనే చూశాడు. "రేపు సాయంత్రం రాక్కా. షిఫ్టు అయినంక."

శివశంకర్ తేరుకున్నాడు. పాట పోలేదు, స్టేజి పోలేదు, మిగతావి ఇంట్లో సర్దుకుంటాయి అనుకున్నాడేమో, ముఖంలో పాత కళ వచ్చింది. "సరే తియ్యి. రేపు నేను జల్దీ వచ్చి బండి మీద తీస్కపోత."

"నువ్వొద్దు" అంది వనజ. గొంతు పెంచలేదు, గిన్నెలు కూడా ఎత్తలేదు. "ఆ పొద్దు ఇంకోసారి పాడుత అంటే, బర్రెలు పిండె టైమైందని తలుపు తెరిచి నిలవడ్డది నువ్వే. ఈసారి నేను తలుపేస్కొని పాడుత."